‘దైవసాక్షిగా ప్రమాణం’: ఇందులో బరువు ఏ మాటది?

మంత్రుల ప్రమాణస్వీకారం చూసి ఒక సభ్యులు ఇక్కడ అడిగారు, రాజ్యాంగం మీద విధేయత ప్రకటించే వాక్యంలో దైవం ఎందుకని. నాలుగు వ్యాఖ్యలు దాటకుండానే చర్చ ఆస్తికులు, నాస్తికులు అని రెండు జట్లయింది. మనది భాషా బృందం కదా, ముందు మాటలనే అడుగుదాం.

మనకు ఒట్టు ఉంది, ఆన ఉంది, బాస ఉంది, శపథం ఉంది. శపథానికీ శాపానికీ ధాతువు ఒకటే, ‘శప్’. మాట తప్పితే కీడు నాకే తగలాలని తనను తాను శపించుకోవడం శపథం. ఒట్టు కూడా అంతే, ప్రాణప్రదమైనదాన్ని పణంగా పెట్టమంటుంది. ‘నీ మీద ఒట్టు’, ‘అమ్మతోడు’ అంటాం తప్ప ఊరికే ఒట్టు వేయం. ఈ మాటలకు శిక్షించే శక్తి ఒకటి వెనక నిలబడాలి.

ప్రమాణం అలాంటిది కాదు. ఇందులోని ‘మా’ ధాతువుకు అర్థం కొలవడం. పరిమాణం, కొలమానం, అనుమానం అన్నీ అక్కడివే. నాణ్యతా ప్రమాణాలు అన్నప్పుడూ ఇదే మాట. తర్కశాస్త్రంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం ప్రమాణాలు, అంటే నిజం తెలుసుకునే దారులు. కాబట్టి ‘ప్రమాణం చేస్తున్నాను’ అన్న మాటలో నాకు వినిపించేది ఇది: ‘ఇదిగో కొలబద్ద, రేపు నన్ను దీనితోనే కొలవండి.’

ఇంకో మాట. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయం చూడండి. వివాదం తేల్చడానికి పత్రం, అనుభవం (అంటే ఆస్తిని అనుభవిస్తూ ఉండడం), సాక్షులు ప్రమాణాలని చెప్పి, వీటిలో ఏ ఒక్కటీ లేనప్పుడే ‘దివ్యం’, అంటే దైవపరీక్ష, అంటుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అంత పాత ధర్మశాస్త్రం కూడా మనుషుల చేతిలో ఆధారం ఉన్నంతవరకు దైవాన్ని పిలవలేదు! మంత్రి ప్రమాణం చేసేచోట పత్రం ఉంది, రాజ్యాంగం. సాక్షులున్నారు, ఎదురుగా గవర్నరు, చూస్తున్న జనం. సాక్షి అంటే స్వయంగా చూసినవాడని పాణిని సూత్రమే చెబుతోంది: ‘సాక్షాద్ద్రష్టరి సంజ్ఞాయామ్’. ఇన్ని కళ్ళు చూస్తుండగా సాక్షికి లోటేముంది?

‘దైవం అన్నది నపుంసకలింగం, ఏ మతం పేరూ లేదు, ఎవరికి నష్టం?’ అని పెద్దలొకరు రాశారు. మాట నిజమే. ఇంగ్లీషు పాఠంలోని ‘దేవుని పేరిట’ మన నోట ‘దైవసాక్షిగా’ అయి మెత్తబడింది. దైవం అంటే విధి అనే అర్థం కూడా ఉంది, ‘దైవవశాత్తు’ అంటాం. అయినా అండీ, సృష్టికర్తను ఒప్పుకోని జైనులూ బౌద్ధులూ ఈ దేశం వాళ్ళే కదా. ఎంత మెత్తటి మాటైనా నమ్మనివాడి చేత పలికిస్తే అది అబద్ధమే. ప్రమాణం అబద్ధంతో మొదలుకాకూడదని నా పట్టుదల.

రాజ్యాంగ సభ కూడా ఈ చిక్కును ఎదుర్కొంది. రాష్ట్రపతి ప్రమాణానికి రాసిన ముసాయిదాలో దేవుడి ప్రస్తావన లేదు. 1948 డిసెంబరు చర్చలో సవరణతో వచ్చింది, అదీ రెండు దారుల్లో ఒకటిగా: దేవుని పేరిట ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి మాట లేకుండా దృఢంగా ప్రకటించవచ్చు. ఇప్పుడు మంత్రులు తదితరుల ప్రమాణ పాఠాలుండే మూడవ షెడ్యూలులోనూ ఆ రెండూ ఉన్నాయి, ఎవరికి ఇష్టమైనది వారు పలకవచ్చు. రాజ్యాంగ పీఠిక సంగతి వేరు, అది ‘భారత ప్రజలమైన మేము’ అని మొదలవుతుంది. ‘దేవుని పేరిట’ అని మొదలుపెట్టాలని సభ సభ్యులు హెచ్.వి. కామత్ 1949 అక్టోబరు 17న సవరణ తెచ్చారు. విశ్వాసం విషయంలో అది బలవంతమవుతుందని మరో సభ్యులు పట్టం థాను పిళ్ళై అభ్యంతరం చెప్పారు. ఓటింగులో 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. ఈ తేడా నాకు సరైనదిగా తోస్తుంది. ‘నేను’ అని మొదలయ్యే వాక్యంలో ఆ మనిషి తన దైవాన్ని తలచుకోవచ్చు, ఆ హక్కు తీసేయమని నేననను. ‘మేము’ అని మొదలయ్యే వాక్యంలో మాత్రం అందరి తరఫునా ఒకరు తలచుకోకూడదు.

అందుకే బడిలో చెప్పే ప్రతిజ్ఞ అంటే నాకు అంత గౌరవం. 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని తెలుగులోనే రాశారు. అందులో తల్లిదండ్రులున్నారు, ఉపాధ్యాయులున్నారు, పెద్దలున్నారు, దేశం ఉంది, ప్రజలున్నారు. దైవం లేదు. ఆ లోటు ఏ పిల్లవాడికీ తెలియలేదు. తర్కంలో ప్రతిజ్ఞ అంటే ఇంకా రుజువు చేయవలసిన వాక్యం అని కూడా గుర్తుంచుకోండి.

మా వరుసలో నా పక్కన నిలబడే అమ్మాయికి ‘అర్హుడనగుటకై’ దగ్గర రోజూ నాలుక తడబడేది. ఒకరోజు తనంతట తానే ‘అర్హురాలనగుటకై’ అని గట్టిగా పలికింది. చాచిన చెయ్యి దించకుండా, కళ్ళు తిప్పకుండా, చివరి వాక్యం దాకా అదే గొంతుతో చెప్పింది.