పదివేల లోపు 5జీ ఫోన్: పర్లాకిమిడిలో కొంటే ఉపయోగమా, పెట్టె మీద పేరేనా?

మహేంద్రతనయ:
నాన్న ఫోన్ ఛార్జింగ్ పిన్ పూర్తిగా వదులైపోయింది, కొత్తది కొనాలి. పదివేలు దాటకూడదు. రెడ్‌మీ ఏ4 5జీ చూశాను, 2024 నవంబరులో వచ్చినప్పుడు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉన్నది 8,499. స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2, 6.88 అంగుళాల స్క్రీన్, 5160 ఎంఏహెచ్ బ్యాటరీ, హెడ్‌ఫోన్ జాక్ ఉంది, మెమరీ కార్డు కూడా వేసుకోవచ్చు. ఈ రేటుకి ఇంకేం కావాలంటాను నేను, 5జీ అన్నది పేరుకేనంటాడు తమ్ముడు. ఇంట్లో తేలట్లేదు, మీరు తేల్చండి.

కాశీనగర్_కుర్రోడు:
నాన్నగారి సిమ్ ఏదో చెప్పకుండా ఏం తేలుస్తాం గురూ? ఈ ఫోన్ పట్టుకునేది ఎస్ఏ రకం 5జీ, అంటే 4జీ ఆసరా లేకుండా సొంతంగా నడిచేది మాత్రమే, ఎన్ఎస్ఏ పట్టుకోదు. జియోది ఎస్ఏ కాబట్టి గొడవ లేదు. ఎయిర్‌టెల్ మొబైల్ 5జీ చాలావరకు 4జీ నెట్‌వర్క్‌ని ఆసరా చేసుకుని నడిచే ఎన్ఎస్ఏ. ఆ సిమ్ వేస్తే నీ 5జీ ఫోన్‌లో చాలాచోట్ల వచ్చేది 4జీయే. షాపులో అడిగితే "అన్నీ వస్తాయి బాబూ" అంటారు, నమ్మొద్దు.

మహేంద్రతనయ:
ఎయిర్‌టెలే! అయితే తమ్ముడిదే నెగ్గినట్టా?

పాత_స్క్రూడ్రైవర్:
అప్పుడే నెగ్గించకండి. నేను రిపేర్లు చేసుకునేవాడిని. నా బల్ల మీదకి వచ్చే చవక ఫోన్లలో "నెట్ రావట్లేదు" అన్నవాటికంటే "హ్యాంగ్ అయిపోతోంది" అన్నవే ఎక్కువ. తెరిచి చూస్తే వాట్సాప్ నిండా గుడ్ మార్నింగ్ ఫొటోలు, పెళ్లి వీడియోలు, మనవడి డాన్సు. స్టోరేజ్ నిండుకుండలా ఉంటే ఏ ప్రాసెసర్ అయినా ఈడుస్తుంది. కాబట్టి 64 వద్దు, 128 తీసుకోండి. అది వచ్చినప్పుడు 9,499, మీ పదివేలలోనే. కార్డు వేసుకుంటాంలే అనుకోకండి, యాప్‌లూ వాటి డేటా చాలావరకు ఫోన్‌లోనే కూర్చుంటాయి. ఇంకోటి, "8 జీబీ ర్యామ్" అని రాస్తే 4+4 ఏమో అడగండి. ఆ రెండో 4 అసలు ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి కాస్త తీసి వాడుకునేది, వేగం దానికి రాదు.

గుణుపురం_ప్యాసింజర్:
అన్నా, 4 జీబీ ర్యామ్ ఫోన్‌కి ఇంత చర్చా? ఫోన్‌పేలోంచి వాట్సాప్‌లోకి వెళ్లి తిరిగొచ్చేసరికి ఫోన్‌పే మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది, వెనక కూరగాయల షాపులో లైన్ నిలబడి ఉంటుంది, అప్పుడు తెలుస్తుంది టెన్షన్. అదే డబ్బుకి రెండు మూడేళ్ల కిందటి మంచి ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో వస్తుంది. స్క్రీన్ కూడా బాగుంటుంది. ఈ ఏ4ది ఇంత పెద్ద తెర అయినా హెచ్‌డీ ప్లస్సే, అంటే పిక్సెళ్లు తక్కువ, ఈ-పేపర్ పేజీ మొత్తం పెట్టి చూడండి, ఒత్తులూ గుడులూ కలిసిపోతాయి.

పాత_స్క్రూడ్రైవర్:
జూమ్ చేసుకుంటారు బాబూ! అరవై దాటినవాళ్లకి పెద్ద తెర, పెద్ద అక్షరాలు కావాలి, పిక్సెల్ లెక్కలు ఎవడు చూస్తాడు? సెకండ్ హ్యాండ్ అంటే నాకు బేరమే అనుకోండి, అయినా చెప్తున్నాను: బ్యాటరీ ఎంత అరిగిందో తెలీదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఉండొచ్చు, కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసిన సెట్) మార్చి ఉంటే రంగు తేడాగా ఉంటుంది. కొనాలనుకుంటే మాత్రం స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు చూసి, "కేవైఎమ్" అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు పెట్టి 14422కి మెసేజ్ చేయండి. బ్లాక్ అయిన ఫోన్ అయితే తెలిసిపోతుంది. చవగ్గా వచ్చిందని దొంగ ఫోన్ కొనుక్కుంటే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి.

మోహనా_కొండగాలి:
మీ అందరిదీ పట్టణం గోల. మా వైపు కొండల్లో 5జీ మాట దేవుడెరుగు, ఫోన్ మోగితే చాలు. రెండో సిమ్‌గా బీఎస్ఎన్ఎల్ వేసుకుందామని చూస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు, 2025 సెప్టెంబరు 27న మన ఒడిశాలోనే, ఝార్సుగూడలో దాని స్వదేశీ 4జీని ప్రారంభించారు కదా. అది 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. 700 అంటే 4జీలో బ్యాండ్ 28, దూరం బాగా పోతుంది, గోడలు కూడా దాటుతుంది. ఏ ఫోన్ కొన్నా స్పెసిఫికేషన్లలో 4జీ వరసలో 28 ఉందో లేదో చూసుకోండి. 5జీ వరసలో కనిపించే ఎన్28 వేరు, కంగారు పడకండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడిగేవాళ్లే గానీ బ్యాండ్ అడిగేవాడు నాకు ఇంతవరకు తగల్లేదు.

కాశీనగర్_కుర్రోడు:
ఇది మంచి మాట. నా మాట కూడా సరిచేస్తాను: ఎయిర్‌టెల్‌తో 5జీ రాకపోతే ఆ ఫోన్ పనికిరాదని కాదు, 5జీ కోసం డబ్బు పెట్టకండి అని. వీడియో కాల్‌కీ యూట్యూబ్‌కీ మంచి 4జీ చాలు. పాతపట్నం దగ్గరే కాబట్టి అప్పుడప్పుడు ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది, దానికీ భయపడక్కర్లేదు, రోమింగ్ ఆన్‌లో ఉంచితే చాలు.

గుణుపురం_ప్యాసింజర్:
5జీ అక్కర్లేకపోతే 5జీ ఫోన్ ఎందుకు మరి? అదే డబ్బుకి 6 జీబీ ర్యామ్ ఉన్న 4జీ ఫోన్ దొరికితే అది తీసుకోండి. దీనికి ఎవరూ జవాబు చెప్పట్లేదు.

పాత_స్క్రూడ్రైవర్:
దొరికితే తీసుకోమనే నేనూ చెప్తాను, లింకు పెట్టు. అసలు ర్యామ్ 6 ఉండాలి, 3+3 కాదు.

మహేంద్రతనయ:
నాన్నని అడిగాను. "స్పీకర్ గట్టిగా వినిపించాలి, చొక్కా జేబులో పట్టాలి" అన్నారు. 6.88 అంగుళాలది జేబులోంచి తొంగి చూస్తుందేమో! రేపు ఆయనకి చొక్కా వేయించి మరీ ఫోన్ షాపుకి తీసుకెళ్తున్నాను.