‘మెలో’కు తెలుగు: మృదువా, మంద్రమా, మాగినదా?

మిత్రులారా, నాలుగు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

తిరుపతిలో మేము ఏడెనిమిది మందిమి నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కూడి, ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా మాటల్లేకుండా వింటాం. ఈ నెల వంతు నాది. చికాగో బృందం టార్టాయిస్ 1998లో విడుదల చేసిన ‘టీఎన్‌టీ’ని ఎంచుకున్నాను. వచ్చేవాళ్లకు ముందుగా తెలుగులో ఒక పేజీ పరిచయం రాసివ్వడం మా అలవాటు. ఈ ఆల్బమ్ గురించి ఇంగ్లీషులో రాసినవాళ్లు ఎక్కడో ఒకచోట ‘మెలో’ (mellow) అంటారు. తెలుగులో ‘మృదువైన’ అని రాసి కొట్టేశాను. ‘ప్రశాంతమైన’ అని రాసి అదీ కొట్టేశాను. ‘హాయి’ వినేవాడికి కలిగేది, సంగీతంలో ఉన్న గుణాన్ని అది చెప్పదు.

‘మృదువు’ ఎందుకు చాలదో చెబుతాను. మొదటి ట్రాక్ ఏడు నిమిషాల పైచిలుకు. డ్రమ్స్ మాత్రమే మొదలవుతాయి. ఇంకా కచేరీ మొదలుకాలేదేమో, వాయించేవాడు చేయి సరిచూసుకుంటున్నాడేమో అనిపిస్తుంది. ఆ దెబ్బల్లో మెత్తదనం ఏమీ లేదు. అవి చురుకుగా, ఆగి ఆగి, జాజ్ డ్రమ్మర్లు వాయించే తీరులో పడుతుంటాయి. వాటి మీదికి జెఫ్ పార్కర్ గిటారు ఒక చిన్న పలుకుతో వస్తుంది. ఆయన జాజ్ నుంచి వచ్చినవాడు, ఈ బృందంతో చేసిన మొదటి ఆల్బమ్ ఇదే. ఆ పలుకు మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ చుట్టూ ఇంకొకటి చేరుతుంది. ఎక్కడా గొంతు పెంచదు, ఎక్కడా నీరసించదు. ఈ రెండూ కలిసి ఉండటాన్ని ఒక్క మాటలో చెప్పాలి.

ఈ బృందం వాయించేదాన్ని పోస్ట్ రాక్ అంటారు. అదేమిటో తెలియనివారికి రెండు మాటలు. గిటారు, బేస్, డ్రమ్స్ అనే రాక్ వాద్యాలనే తీసుకుని, రాక్ చేసే పనికి కాకుండా వేరే పనికి వాడటం. గిటారు దూకుడుగా ముందుకు రాదు, నాదానికి రంగు వేస్తుంది. విమర్శకుడు సైమన్ రెనాల్డ్స్ 1994లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. టార్టాయిస్ వాళ్లు వైబ్రఫోన్, మరింబా కూడా చేర్చారు. మొదటిదానికి లోహపు పలకలు, రెండోదానికి చెక్క పలకలు. జలతరంగం విన్న చెవికి ఇవి పరాయివిగా తోచవు.

తిరుచానూరు నుంచి వీణ విద్యార్థిని:

అన్నా, ‘మంద్రం’ అనవచ్చు కదా? మంద్రంగా వినిపించే సంగీతం అంటే అందరికీ అర్థమవుతుంది. మా వీణలో సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని నాలుగు తీగలు. మంద్రం తీగ మీద నెమ్మదిగా ఆలాపన చేస్తే మీరు చెబుతున్న గుణమే వస్తుంది.

నా జవాబు:

చెల్లీ, నీ మాట మొదట నన్నూ లాగింది. కానీ మంద్రం ఒక స్థాయి పేరు. మంద్రం, మధ్యమం, తారం అన్నప్పుడు అది స్వరం ఎక్కడ ఉందో చెబుతుంది, ఎలాంటిదో చెప్పదు. మంద్రస్థాయిలో ఉండి భయపెట్టే సంగీతం ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో మరింబా, వైబ్రఫోన్ చాలాచోట్ల పై స్వరాల్లోనే పలుకుతాయి, అయినా ఆ గుణం పోదు. కాబట్టి గుణం స్థాయిలో లేదు. నువ్వు చెప్పిన మంద్రం తీగను మాత్రం పరిచయంలో తప్పకుండా ప్రస్తావిస్తాను. ఆలాపనకు తొందర ఉండదు అన్న పోలిక మా వాళ్లకు వెంటనే అందుతుంది.

చిత్తూరు నుంచి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

నాయనా, ఇంగ్లీషు మాట మొదట దేనికి వాడారో చూడు. సంగీతానికి కాదు, పండుకు. బాగా పండి మెత్తబడి పులుపు పోయిన పండును అలా అన్నారు. తరువాత నేలకు, మద్యానికి, మనిషి స్వభావానికి, చివరికి నాదానికి పాకింది. పండు దగ్గర మొదలైన మాటకు పండు దగ్గరే తెలుగు వెతకాలి. మన దగ్గర ‘మాగు’ ఉంది కదా! చెట్టు మీద పండేది వేరు, కోసి గడ్డిలో పెట్టాక మాగేది వేరు. ‘పండు’ అనే క్రియలో ఫలితం ఉంది, ‘మాగు’ అనే క్రియలో కాలం ఉంది. నేల సంగతి కూడా సరిపోతుంది. వ్యవసాయ సలహాల్లో ఇప్పటికీ ‘బాగా మాగిన పశువుల ఎరువు’ అనే రాస్తారు. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది, మాగినది వేస్తే వేరుకు అందుతుంది.

నా జవాబు:

మాస్టారూ, నమస్కారం. రాత్రి ఇది చదివి మళ్లీ ఆల్బమ్ పెట్టుకుని విన్నాను. ‘మాగిన’ అనుకుంటూ వింటే చెవికి వేరే దారి తెరుచుకుంది. ఈ ఆల్బమ్ తయారీకి దాదాపు ఏడాది పట్టింది. అందరూ ఒకేసారి కూర్చుని వాయించి ముగించలేదు. ఒకరు వాయించినదాన్ని కంప్యూటర్‌లో దాచి, దాని మీద ఇంకొకరు వాయించి, బృంద సభ్యుడు జాన్ మెకెంటైర్ కోసి, కూర్చి, మళ్లీ విప్పి కట్టాడు. జాజ్ అంటే అప్పటికప్పుడు పుట్టేది అంటాం. ఆ అప్పటికప్పుడు పుట్టినదాన్ని నెలల తరబడి అట్టే పెట్టి చూడటం ఇందులోని విశేషం. పచ్చిదనం పోయింది, రుచి మిగిలింది. దీనికి ‘మృదువు’ ఎంత పేలవమైన మాటో ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది.

దామలచెరువు నుంచి మామిడి మండీ నడిపే సభ్యుడు:

మాస్టారు చెప్పింది నిజం. మా పని మాట కాబట్టి కొంచెం కలుపుతాను. మా దగ్గర ‘మాగబెట్టడం’, ‘మగ్గబెట్టడం’ రెండూ అంటారు. వరిగడ్డి పరిచి, కాయలు ఒక వరుస, గడ్డి ఒక వరుస పేర్చి, గాలి ఆడకుండా కప్పి వదిలేస్తారు. కాయ నుంచి వచ్చే ఆవిరే కాయను మాగిస్తుంది. ఒక కాయ మాగితే పక్కదాన్ని కూడా మాగిస్తుంది. నీలం రకం కాయలకైతే వారం పైమాటే. కార్బైడ్ వేస్తే రెండు మూడు రోజుల్లో పైన పసుపుపచ్చగా మెరుస్తుంది, కోస్తే లోపల పులుపు. చట్టం దాన్ని నిషేధించింది కూడా. మీరు చెప్పే సంగీతంలోనూ అలాంటి రెండు రకాలు ఉంటాయా?

నా జవాబు:

ఉంటాయండీ, తప్పకుండా ఉంటాయి. నిద్రకోసం, చదువుకోసం అని గంటల తరబడి ఫోనులో సాగే సంగీతం ఉంది. పైకి మెత్తగానే ఉంటుంది. శ్రద్ధగా వినబోతే లోపల ఏమీ దొరకదు. ‘టీఎన్‌టీ’ని వంట చేసుకుంటూ వినవచ్చు, కళ్లు మూసుకుని కూడా వినవచ్చు, రెండోసారి ఇంకా ఎక్కువ ఇస్తుంది. ఒక కాయ పక్కకాయను మాగిస్తుందన్నారే, ఆ మాట నేను ఎప్పటికీ మరచిపోను. ఇందులో ఒక ట్రాక్ పేరు ‘టెన్ డే ఇంటర్వల్’, అంటే పది రోజుల విరామం. అందులో పలకల మీది చిన్న చిన్న పలుకులు ఒకదాని పక్కన ఒకటి తిరుగుతూ, ఒకదాని రంగు ఇంకొకదానికి పట్టిస్తాయి. సంగీతంలో ‘ఇంటర్వల్’ అంటే రెండు స్వరాల మధ్య దూరం కూడా. మీ గడ్డివాము నాకు ఆ ట్రాక్‌లో వినిపించింది.

తిరుచానూరు నుంచి వీణ విద్యార్థిని:

అయితే ‘మగ్గిన’ అనాలా, ‘మాగిన’ అనాలా? మా అమ్మ వంకాయ కూరకు మూత పెట్టి, సన్న మంట మీద మగ్గనిస్తుంది. నీళ్లు పోయదు, ముక్కలు తమ రసంలోనే మగ్గుతాయి. కానీ ‘జైల్లో మగ్గుతున్నాడు’ అని కూడా అంటాం.

చిత్తూరు నుంచి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

మంచి ప్రశ్న తల్లీ. ‘మగ్గు’లో మూత ఉంది. గడ్డివాముకైనా, గిన్నెకైనా, జైలుకైనా మూసి ఉండటమే సామాన్యం. అందుకే దానికి ఉక్కపోత వాసన కూడా అంటుకుంది. ‘మాగు’లో ఆ ఇరుకు లేదు. తయారైన తీరును చెప్పాలంటే మగ్గిందను. తయారై చేతికి వచ్చినదాన్ని చెప్పాలంటే మాగిందను.

నా జవాబు:

మాస్టారూ, దీనితో నా పేజీ ముందుకు కదిలింది. ఇలా రాశాను: ‘ఏడాదిపాటు స్టూడియోలో మగ్గి, మాగిన నాదంతో బయటికొచ్చిన ఆల్బమ్ ఇది.’ మీకు ఎక్కడైనా పంటికింద రాయిలా తగిలితే చెప్పండి, ఆదివారం దాకా దిద్దుకునే వీలుంది.

ఒక్క చిక్కు మిగిలింది. ఆల్బమ్ నడిమిలో ఒకటి రెండు ట్రాకులు పూర్తిగా మాగలేదని నాకు అనిపిస్తుంది. యంత్రపు లయ మీద కాస్త గట్టిగా, కాస్త వగరుగా నిలుస్తాయి. అది లోపం అనను, నాకు అవి ఇష్టం. వాటికి ‘దోర’ అని రాయనా? దోరమాగిన జామకాయను చిలుక కొట్టిందంటే దాని రుచి వేరుగా చెప్పుకుంటాం కదా. మండీ అన్నగారు, మీరు దోర కాయను దేనితో గుర్తుపడతారో చెబితే ఆ వాక్యం కూడా పూర్తి చేస్తాను.

దామలచెరువు నుంచి మామిడి మండీ నడిపే సభ్యుడు:

తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తాం. వేలు దిగదు, కానీ కాయ ఎదురు తిరగదు. దానిని దోర అంటాం.