చూడని ఊళ్ల మీద కవిత రాస్తే అది అరువు కవిత్వమవుతుందా?

ప్రశ్న (దేవరకొండ విద్యార్థిని):
నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. మాది దేవరకొండ దగ్గరి పల్లె. నా కవితల్లో మంచు కురిసే వీధులు, ఓడరేవులు, నేనెన్నడూ ఎక్కని రైళ్లే తప్ప మా గుట్టలు గానీ బత్తాయి తోటలు గానీ కనిపించవని, ఇదంతా అరువు కవిత్వమని ఒక పెద్దాయన అన్నారు. వేరే చోట పుట్టి ఉంటే బాగుండేదన్న కోరిక మాత్రం నాలో నిజంగానే ఉంది. దానిని రాయడం మన సంస్కృతికి ద్రోహమా?

తెలుగు అధ్యాపకుడు, నల్లగొండ:
ద్రోహం పెద్ద మాటమ్మా. శ్రీనాథుడిదిగా చెప్పుకొనే ఒక చాటువు చూడండి. కన్నడ రాజాస్థానంలో ఆదరణ కోరి వెళ్లిన కవి, కుళ్లాయి పెట్టుకున్నానని, కోక చుట్టుకున్నానని, పెద్ద అంగీ తొడిగానని, వెల్లుల్లీ తిలపిష్టమూ (నువ్వుల ముద్ద) తిని చల్లా అంబలీ తాగానని ఒక్కొక్కటే ఏకరువు పెట్టి, ఇంకా దయ రాలేదా అని ఆ రాజ్యలక్ష్మినే నిలదీసి, చివరికి తాను శ్రీనాథుణ్ణని పేరు చెప్పుకుంటాడు. పరాయి వేషమంతా వేసుకున్న మనిషి ఎవరో మనకు క్షణమైనా మరపునకు రాదు. నవ్వూ జాలీ రెండూ అక్కడినుంచే పుడతాయి. మీ కవితల్లో మంచు ఉండటం తప్పు కాదు, ఆ మంచును కోరుకుంటున్న అమ్మాయి లేకపోవడమే లోపమని నా అనుమానం.

గద్వాల పాఠకుడు:
ఆ పెద్దాయన మాట వెనుక చరిత్ర ఉంది. ఒకప్పుడు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల సన్మానం కోరి కోస్తా నుంచి తిరుపతి వేంకట కవుల వంటివారే వచ్చేవారు. తరువాత నిజాం రాష్ట్రంలో కవులే లేరన్న మాట వినవలసి వచ్చింది. దానికి సమాధానంగా మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అంత పోరాడి నిలుపుకున్న ఉనికిని పిల్లలు వదిలేస్తున్నారని పెద్దలు భయపడటం సహజమే. అయినా ప్రతి యువకవీ చెరువుగట్టు మీదే కూర్చుని రాయాలన్న నియమం ఆ సంచిక పెట్టలేదు.

పాలమూరు వలస కుటుంబీకుడు:
ముంబైకి, పుణెకు కూలికి వెళ్లిన మా ఇళ్లలో వేరే చోటంటే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, తాళం పడిన ఇల్లు. కాబట్టి ఓడరేవు మీద కవిత చదివితే నాకు మొదట కొంత చిరాకు కలుగుతుంది, దాచను. కానీ దేవరకొండకు రైలే లేదు కదా. రైలు రాని ఊళ్లో పుట్టిన పిల్ల రైలు మీద కవిత రాసిందంటే, ఆ సంగతి కవితలో చెప్పి ఉంటే, నేను తప్పక చదువుతాను.

దేవరకొండ విద్యార్థిని:
రైలు కవితను తిరిగి రాస్తాను. మంచును మాత్రం తీసివేయను.