బిగ్ టెన్ ఫైనల్ ప్రతి ఏడాదీ ఇండియానాపోలిస్‌లోనేనా?

సియాటిల్ నాన్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చదువుతోంది. కాలేజీ మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తుంది. తను చేరిన 2024లోనే వాషింగ్టన్, ఆరెగాన్, యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ నాలుగూ బిగ్ టెన్ అనే అమెరికా కాలేజీ క్రీడల లీగ్‌లోకి వచ్చాయి. పేరుకే టెన్, ఇప్పుడు అందులో 18 కాలేజీలు. అటు న్యూజెర్సీలోని రట్గర్స్ నుంచి ఇటు మా సియాటిల్ దాకా ఉన్నాయి. అయినా అమెరికన్ ఫుట్‌బాల్‌లో లీగ్ విజేతను తేల్చే మ్యాచ్ మాత్రం 2011లో మొదలైనప్పటి నుంచీ ఇండియానాపోలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియం దాటి బయటికి రాలేదు.

ఇది మారాలని, ఏడాదికో ఊళ్లో పెట్టాలని నా అభిప్రాయం. 2024 ఫైనల్లో ఆరెగాన్ 45-37తో పెన్ స్టేట్‌ను ఓడించింది. ఆరెగాన్ కాలేజీ ఉన్న యూజీన్ నుంచి ఆ స్టేడియానికి రోడ్డు దారిలో రెండు వేల మైళ్లకు పైనే. మా పక్కింటాయన అక్కడే చదువుకున్నాడు. ఇంట్లో నలుగురికి విమానం, రెండు రాత్రుల హోటలు, మ్యాచ్ టికెట్లు ఒక కాగితం మీద రాసుకుని కూడాడు. శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చి టీవీలో చూశాడు. ఆ కాగితం ఇంకా జేబులోనే ఉంది, తీసి చూపించాడు.

ఈ నాలుగు కాలేజీలూ అంతకుముందు ఆడిన పాక్-12 లీగ్ ఫైనల్ 2021 నుంచి 2023 వరకు లాస్ వేగస్‌లో జరిగింది. 2023లో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. వాషింగ్టన్ 34, ఆరెగాన్ 31. ఒక పక్కంతా మా ఊదా రంగు, ఇంకో పక్కంతా వాళ్ల ఆకుపచ్చ. ఆట అయ్యాక మా ముందు వరసలో ఆరెగాన్ టోపీ పెట్టుకున్న పెద్దాయన లేచి, వెనక్కి తిరిగి, మా అమ్మాయికి చెయ్యి కలిపి వెళ్లాడు. ఏ కాలేజీలో చేరాలో తను ఆ రాత్రే తేల్చుకుంది. పడమటి పిల్లలకు అలాంటి రాత్రి మూడేళ్లకోసారైనా అందుబాటులో ఉండొద్దా?

కొలంబస్ బాబాయ్:

సియాటిల్ నాన్న గారూ, మీరు చెప్పింది మనసుకు తగిలింది. కానీ ఈ మ్యాచ్‌కి ఊరు ఎంచేటప్పుడు మైళ్ల కంటే ముందు రోజులు లెక్కపెట్టాలి. ఫైనల్‌కి ఎవరు వెళ్తారో చాలాసార్లు వారం ముందు శనివారం దాకా తేలదు.

2024 నవంబరు 30 సంగతే తీసుకోండి. మా ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్‌ను ఓడిస్తే ఫైనల్‌కి మేమే వెళ్లేవాళ్లం. సందేహమే లేదనుకుని నేను ఆగస్టులోనే గది బుక్ చేసి పెట్టుకున్నా. 13-10తో ఓడిపోయాం. మా బదులు పెన్ స్టేట్ వెళ్లింది. ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు. పదకొండింటికి ఫోన్ మోగింది, పెన్ స్టేట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మా మేనల్లుడు. "మామయ్యా, ఆ గది ఉంచావా, తీసేశావా?" అని అడిగాడు. ఉంచానన్నా. వాడూ, ముగ్గురు స్నేహితులూ ఒక కారులో ఎనిమిది గంటలకు పైగా నడుపుకుంటూ వెళ్లొచ్చారు. స్టైపెండ్ మీద బతికే పిల్లలు వారం వ్యవధిలో లాస్ వేగస్‌కి విమానం టికెట్లు కొనగలరా?

ఇక ఇండియానాపోలిస్ సంగతి. ఒహాయో స్టేట్ ఫైనల్ ఆడిన ఏడాది మా అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లాను. నాన్నకి మోకాళ్ల నొప్పులు. మేం దిగిన హోటలు నుంచి గాజు వంతెన మీదుగా కన్వెన్షన్ సెంటర్‌లోకి, అక్కడి నుంచి లోపలి దారిలోనే స్టేడియంలోకి నడిచాం. ఆయన కోటు చేతి మీదే ఉంది, వేసుకోవాల్సిన పని పడలేదు. బయట మంచు పడుతోంది. స్టేడియం పైకప్పు మూసేశారు. డిసెంబరు రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే ఆటకి ఇంతకంటే ఏం కావాలి?

షికాగో చలి:

బాబాయ్, పైకప్పు ఉన్న ఊరు అదొక్కటే కాదు. పైగా ఫుట్‌బాల్ అంటేనే చలికాలపు ఆట. బిగ్ టెన్ ఆఫీసు ఉన్నది షికాగో పక్కనున్న మా రోజ్‌మాంట్‌లో. ఈ లీగ్‌లో ఏ కాలేజీలో చదివినవాళ్లయినా ఉద్యోగానికి వచ్చి పడేది షికాగోకే. మా ఓహేర్ విమానాశ్రయానికి డైరెక్ట్ విమానం లేని పెద్ద ఊరు లేదు. మా ఊరి సోల్జర్ ఫీల్డ్ స్టేడియంలో ఒక్కసారైనా పెట్టి చూడాలి కదా?

ఇంకో మాట. 2025 ఫైనల్లో ఇండియానా 13-10తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది. ఇండియానా కాలేజీ ఉన్న బ్లూమింగ్టన్ నుంచి ఇండియానాపోలిస్ స్టేడియానికి కారులో గంట. దాన్ని తటస్థ వేదిక అంటారా?

కొలంబస్ బాబాయ్:

ఓడింది మా జట్టే, అయినా చెప్తున్నా, రెండు జట్ల రంగూ ఎరుపే, స్టేడియంలో అది రెండు వైపులా ఉంది. కొలంబస్ నుంచి మేం కారులో మూడు గంటల్లో వెళ్లిపోతాం. వేదిక మమ్మల్ని ఓడించలేదు. 1988 తర్వాత ఇండియానా మమ్మల్ని గెలిచిన మొదటి ఆట అది, వాళ్లు బాగా ఆడారు. సోల్జర్ ఫీల్డ్‌లో సీట్లు 61,500, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియాలన్నిటిలో తక్కువ. పక్కనే సరస్సు గాలి. మా నాన్నను అక్కడికి తీసుకెళ్లలేను తమ్ముడూ.

మాడిసన్ మిత్ర:

డెట్రాయిట్ అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. అక్కడి ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియంలో 2004 నుంచి మ్యాక్ అనే ఇంకో కాలేజీ లీగ్ ఫైనల్ జరుగుతోంది, సాధారణంగా అదే శనివారం. అది కుదరదు.

నా మాట వేరు. అసలు ఊరు వెతకడమే ఎందుకు? పట్టికలో పైన ఉన్న జట్టు సొంత మైదానంలో ఆడించండి. విద్యార్థులు హాస్టల్ నుంచి నడిచి వస్తారు. బ్యాండ్ మొత్తం ఉంటుంది. ఏడాదంతా గెలిచినదానికి అదే బహుమతి. చిన్న లీగ్‌లు చాలా వరకు ఇలాగే చేస్తున్నాయి. పాక్-12 కూడా 2011 నుంచి మూడేళ్లు ఇలాగే చేసి, తర్వాత కాలిఫోర్నియాలో సాంటా క్లారాలోని పెద్ద స్టేడియానికి మార్చింది. 2018లో అక్కడ వాషింగ్టన్, యూటా ఆడితే వచ్చింది సుమారు 35 వేల మంది. స్టేడియంలో సగం ఖాళీ.

సియాటిల్ నాన్న:

మిత్రా, ఆ మూడేళ్లలో 2012 కూడా ఉంది. స్టాన్‌ఫర్డ్ సొంత మైదానంలో యూసీఎల్‌ఏతో ఫైనల్, శుక్రవారం రాత్రి, వాన. ఆరు రోజుల ముందే ఆ రెండు జట్లూ ఆడాయి. మైదానం ఇంటి పక్కనే ఉన్నా 50 వేల సీట్లలో నిండినవి 32 వేల లోపే. ఇంకో చిక్కు. 2025లో ఒహాయో స్టేట్, ఇండియానా రెండూ 12-0తో ఫైనల్‌కి వచ్చాయి. ఒక్క ఆట కూడా ఓడని జట్టుని ఇంకొకరి ఇంటికి పంపడం న్యాయమా?

షార్లెట్ అక్క:

నేను షార్లెట్‌లో హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో పని చేస్తాను. మా వైపు కాలేజీల ఏసీసీ లీగ్ ఇలా ఊళ్లు మార్చి చూసింది కాబట్టి ఆ అనుభవం చెప్పాలనిపించింది.

ఏసీసీ ఫైనల్ 2005లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మొదలైంది. మూడేళ్లకు జనం పల్చబడ్డారు. టాంపాకి మార్చారు, అక్కడ రెండేళ్లు. అక్కడా అంతే. 2010లో మా షార్లెట్‌కి వచ్చాక నిలదొక్కుకుంది, ఎందుకంటే క్లెమ్సన్, వర్జీనియా టెక్, నార్త్ కరోలినా కాలేజీల జనం కారులో వచ్చేయగలరు. దక్షిణాది కాలేజీల లీగ్ ఎస్‌ఈసీ కూడా అంతే. 1992లో బర్మింగ్‌హామ్‌లో మొదలుపెట్టి 1994లో అట్లాంటాకి మారింది. ఇప్పుడు అక్కడి పిల్లలు "ఈ ఏడాది అట్లాంటాకి వెళ్తాం" అంటే ఫైనల్‌కి వెళ్తాం అని అర్థం. ఊరు పేరే కప్పు పేరైపోయింది. తిప్పుతూ పోతే అది రాదు.

కానీ ఒకే ఊరిని నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూశాను. 2016 మార్చిలో మా నార్త్ కరోలినా రాష్ట్రం హెచ్‌బీ2 చట్టం తెచ్చింది. ప్రభుత్వ భవనాల్లో జనన ధృవపత్రంలో ఉన్న లింగాన్ని బట్టే బాత్‌రూమ్ వాడాలన్నది అందులోని నిబంధన. అది తప్పుడు చట్టం, అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. దాని వల్లే సెప్టెంబరులో ఏసీసీ ఫైనల్‌ను మా ఊరి నుంచి తీసేసి ఓర్లాండోకి మార్చింది. డిసెంబరు 3న క్లెమ్సన్ అక్కడే గెలిచింది. ఆ వార్త వచ్చిన వారంలో నా స్క్రీన్ మీద బుకింగ్‌లు ఒక్కొక్కటే రద్దయి ఎర్రగా మారుతుంటే చూస్తూ కూర్చున్నా. ఆ వారాంతానికి అదనపు షిఫ్టులు ఒప్పుకున్న హౌస్‌కీపింగ్ వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పింది నేనే. ఒకామె ఆ డబ్బుతో పిల్లాడికి కళ్లజోడు చేయించాలనుకుందట. చట్టం చేసినవాళ్లకి నష్టం లేదు, ఆమెకి పోయింది. 2017 మార్చిలో చట్టంలోని ఆ భాగం రద్దయ్యాక ఆట తిరిగొచ్చింది.

అయినా లీగ్ చేసింది సరైనదే అంటాను. తీసుకెళ్లగలిగే హక్కు లీగ్ చేతిలో ఉండాలి. అందుకే ఒప్పందాలు నాలుగైదేళ్లకే ఉండాలి, గడువు ముగిసిన ప్రతిసారీ ఇతర ఊళ్లని కూడా పిలవాలి. అంతేగాని ఏడాదికో ఊరు మాత్రం వద్దు. ఊరికి కూడా అలవాటు కావాలి. బస్సులు ఎన్ని నడపాలి, ఏ గేటు దగ్గర తొక్కిసలాట వస్తుంది, రాత్రి ఒంటిగంటకి తినడానికి ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ రెండు మూడేళ్లు చేస్తేగాని చేతికి రావు.

షికాగో చలి:

అక్కా, ఇతర ఊళ్లని కూడా పిలవాలన్న మీ షరతే నాకు కావాల్సింది. ఇండియానాపోలిస్ ఎప్పుడూ నిండిందన్నట్టు మాట్లాడుతున్నాం గానీ 2012లో విస్కాన్సిన్ 70-31తో నెబ్రాస్కాను ఓడించినప్పుడు వచ్చింది 41 వేల పైచిలుకే. పోటీ లేకపోతే ఏ ఊరైనా తేలిగ్గా తీసుకుంటుంది.

మాడిసన్ మిత్ర:

ఆ రోజు నేను అక్కడే ఉన్నా. ఒహాయో స్టేట్, పెన్ స్టేట్ రెండూ ఫైనల్ ఆడకుండా నిషేధం ఉంది ఆ ఏడాది, మా విస్కాన్సిన్ తన విభాగంలో మూడో స్థానం నుంచి వచ్చింది. అందుకే పల్చన. వచ్చినవాళ్లం మాత్రం గొంతు పోయేదాకా అరిచాం.

కొలంబస్ బాబాయ్:

సియాటిల్ నాన్న గారూ, మీ అమ్మాయి బ్యాండ్‌తో ఫైనల్‌కి వచ్చే ఏడాది ముందే ఒక మాట చెప్పండి. కొలంబస్‌లో దిగండి, రాత్రికి మా ఇంట్లోనే భోజనం, పొద్దున నేనే కారులో తీసుకెళ్తాను. హోటలు ఖర్చు గురించి ఆలోచించొద్దు.

సియాటిల్ నాన్న:

తప్పకుండా వస్తాం బాబాయ్ గారూ. తను 2028 జూన్‌లో బయటికి వస్తుంది, ఆలోగా మా జట్టు ఒక్కసారైనా వెళ్లాలని రోజూ కోరుకుంటున్నా. షార్లెట్ అక్క మాట విన్నాక ఏడాదికో ఊరు అన్న ఆలోచన వదిలేస్తున్నాను. కానీ మూడేళ్లలో ఒకటి లాస్ వేగస్‌లో, ఎప్పుడూ అదే స్టేడియంలో పెట్టాలన్న నా ఓటు మారలేదు. మీ మేనల్లుడికి మీరున్నారు. యూజీన్‌లో ఉన్న కుర్రాడికి కారు దూరంలో ఏ మామయ్యా లేడు.