బడిలో అడుగుపెట్టకముందే బెరుకు పోవాలంటే: కృత్రిమ విద్యార్థులతో సాధన ఉపయోగపడుతుందా?

ప్రశ్న (బీఈడీ ఛాత్రోపాధ్యాయిని):
సూక్ష్మబోధనలో, అంటే కొద్ది నిమిషాల చిన్న పాఠంతో చేసే బోధనా సాధనలో, తోటివారే విద్యార్థులుగా కూర్చొని, అడిగిన ప్రతి ప్రశ్నకూ బుద్ధిగా సరైన జవాబే చెబుతున్నందున, నిజమైన ఏడో తరగతి ముందు నిలబడగలనన్న నమ్మకం నాకు కలగడం లేదు. తెర మీది కృత్రిమ విద్యార్థులతో సాధన చేస్తే ఫలితం ఉంటుందా?

జవాబు 1:
ఉంటుందనే నా అభిప్రాయం. అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రూపొందించిన టీచ్‌లైవ్ అనే ఉపాధ్యాయ శిక్షణ వ్యవస్థలో తెర మీద బొమ్మ విద్యార్థులు కనిపిస్తారు. తెర వెనుక నుంచి వారి చేత మాట్లాడించేది శిక్షణ పొందిన మనిషే. పాఠం చెప్పేవారు తడబడితే అక్కడే ఆపి, అదే సన్నివేశాన్ని మళ్లీ మొదలుపెట్టవచ్చు. నిజమైన పిల్లల ముందు ఆ వెసులుబాటు ఉండదు.

జవాబు 2 (అధ్యాపకుడు):
అంత సామగ్రి మన కళాశాలల్లో ఎక్కడిది? 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన సూక్ష్మబోధన మన దగ్గర పాఠం చెప్పడం, లోపాలు తెలుసుకోవడం, మళ్లీ చెప్పడం అనే 36 నిమిషాల చక్రంగా స్థిరపడింది గానీ, అందులో తప్పు జవాబుకు చోటు లేకుండా పోయింది. అందుకే మేము పాఠానికి ముందు విద్యార్థులుగా కూర్చునేవారికి చీటీలు పంచుతాము: ఒకరు సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు వంతులని వాదించాలి, ఒకరు కిటికీలోంచి చూస్తూ ఉండాలి, ఇంకొకరు అసలు నోరు విప్పకూడదు. ఎవరికి ఏ చీటీ వచ్చిందో పాఠం చెప్పేవారికి తెలియదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. నోరు విప్పని విద్యార్థి గురించే నాకు ఎక్కువ భయం. రేపటి సాధనకు ఆ చీటీ తప్పక వేయిస్తాను.