1918 తర్వాత జర్మనీలో ఇంటి పనిమనుషుల బతుకు ఎంత మారింది?

అందరికీ నమస్కారం. కైజర్ (జర్మన్ చక్రవర్తి) కాలంలో, జర్మనీలోని అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1810 నాటి పనివాళ్ల చట్టం ఉండేది. పనిమనిషి చెప్పకుండా వెళ్లిపోతే పోలీసులు పట్టుకొచ్చి మళ్లీ అదే ఇంట్లో అప్పగించవచ్చట. చదువుతుంటే మనసు కలుక్కుమంది.

1918 నవంబర్ 9న కైజర్ దిగిపోయాడు. మూడు రోజులకే కొత్త ప్రభుత్వం ఆ చట్టాలను రద్దు చేసి, 20 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు ఓటు కూడా ఇచ్చింది. 1919 జనవరి 19న యజమానురాలు, ఆమె ఇంట్లో వంట చేసే అమ్మాయి ఒకే ఎన్నికలో ఓటు వేయగలిగారు!

ఫ్యాక్టరీ కార్మికులకు ఎనిమిది గంటల పని వచ్చింది సరే, మరి వంటింట్లో ఏం మారింది? జీతం, సెలవు, పిలిచే తీరు? పనిమనుషులు స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలు ఇంగ్లీషులో ఎక్కడ దొరుకుతాయి? నాకు జర్మన్ రాదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.