పీఎల్‌జీఏ మీద ఫోలేట్ అతికించినా హీలా సెల్స్‌లోకి ఎక్కువ వెళ్లట్లేదు

ప్రశ్న (ఎం.ఫార్మ్ రెండో ఏడాది, గుంటూరు):
అందరికీ నమస్కారం. పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో చేసిన నానోపార్టికల్స్ పైన ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్) అతికించి, దాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఎక్కువగా ఉండే క్యాన్సర్ సెల్స్‌కి మందు చేర్చాలని నా ప్రాజెక్టు. మధ్యలో రెండు చివర్లా అమీన్ ఉన్న పెగ్ అనే గొలుసుని వంతెనలా పెట్టి, యాసిడ్‌ని అమీన్‌తో అతికించే ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ రసాయనాలతో కలిపాను. సెంట్రిఫ్యూజ్ ట్యూబు అడుగున ముద్ద ఫోలిక్ యాసిడ్ రంగులో, లేత పసుపుగా వచ్చింది. అతుక్కుందని ల్యాబ్‌లో స్వీట్లు కూడా పంచేశాను! తీరా హీలా అనే క్యాన్సర్ సెల్స్‌లో చూస్తే మామూలు పార్టికల్స్ ఎంత వెళ్లాయో ఇవీ అంతే. వచ్చే నెలే వైవా. ఒకటే టెన్షన్.

జవాబు 1:
పాలిమర్ డబ్బా మీద గ్రేడ్ చివర 'హెచ్' ఉందా? 502హెచ్ లాంటిదైతేనే గొలుసు చివర యాసిడ్ ఖాళీగా ఉంటుంది. లేకపోతే ఆ చివర ఎస్టర్‌తో మూసేసి ఉంటుంది, ఈడీసీకి పని ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
ఉందండి, 502హెచ్ అనే ఉంది. బఫర్ ఎంఈఎస్, పీహెచ్ 5.5.

జవాబు 2:
అమ్మా, ఆ పసుపు రంగుని నమ్మకు. పీహెచ్‌డీలో దాన్ని నమ్మి నేను ఆరు నెలలు పోగొట్టుకున్నా. ఫోలిక్ యాసిడ్ నీళ్లలో సరిగ్గా కరగదు, బంధం లేకుండానే పైన అంటుకుని కూర్చుంటుంది. చిన్న అణువుల్ని మాత్రమే బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో పోసి బఫర్‌లో వేలాడదీస్తే తెల్లారేసరికి బీకరంతా నిమ్మరసం రంగు. బఫర్ మూడోసారి మార్చాక సంచిలో మిగిలింది తెల్లటి పార్టికల్సే. పార్టికల్స్ చేసేటప్పుడు అవి ముద్దకట్టకుండా వేసే పీవీఏ కూడా ఎంత కడిగినా కొంత ఉండిపోయి యాసిడ్ చివరల్ని కప్పేస్తుంది. అందుకే ఇప్పుడు ముందు ఫోలేట్-పెగ్-పీఎల్‌జీఏ పాలిమర్ చేసుకుని, తర్వాత దాంతో పార్టికల్స్ చేస్తున్నా.

అది సరే, సెల్స్ ఏ మీడియంలో (పోషక ద్రవంలో) పెంచావు? ఆర్‌పీఎంఐ 1640లో లీటరుకి 1 మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అందులో వెయ్యో వంతు ఉన్నా సెల్ మీది ఫోలేట్ రిసెప్టర్ పట్టేస్తుంది. నీ పార్టికల్స్ బస్సెక్కేసరికి సీట్లన్నిట్లో కర్చీఫులు వేసి ఉన్నాయన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ఫ్రిజ్ తీసి చూశా. ఆర్‌పీఎంఐ 1640 అనే ఉంది. ఫోలేట్ లేనిది తెప్పించాలంటే గైడ్ గారి సంతకం కావాలి. ఈ రాత్రికి డయాలిసిస్ పెట్టేస్తా సర్.

జవాబు 2:
పెట్టు. కొత్త మీడియం వచ్చాక సెల్స్‌ని వారం పది రోజులు అందులోనే పెంచు. ప్లేటులో కొన్ని వెల్స్‌లో (గుంటల్లో) విడిగా ఫోలిక్ యాసిడ్ వేసి చూడు. అక్కడ లోపలికి వెళ్లేవి తగ్గకపోతే అవి రిసెప్టర్ దారిన వెళ్లట్లేదని లెక్క. రేపు పొద్దున బీకర్ రంగేంటో చెప్పు.